కొరాపుట్ తలసరి ఆదాయం ఎవరి ఆదాయం?

ఒడిశా జిల్లాల తలసరి ఆదాయం పట్టిక రాగానే కొరాపుట్‌లోనో జయపురంలోనో ఎవరో ఒకరు వాట్సాప్‌లో పెడతారు. పొరుగు జిల్లాలు నవరంగపూర్, మల్కనగిరి పక్కన పెట్టి చూసి "మనం నయమే" అంటారు. కొరాపుట్ లాంటి గని జిల్లాకు ఆ పోలిక చెల్లదు. ఆ లెక్క పట్టేది జిల్లా గడ్డ మీద పుట్టిన విలువను. అది ఎవరి ఇంటికి చేరిందో ఆ పట్టికలో ఎక్కడా ఉండదు.

లెక్క కట్టే తీరు చూస్తే సంగతి తేలిపోతుంది. వరి, చోళ్లు, అల్లం లాంటి పంటలకు సాగు విస్తీర్ణాన్ని, పంటకోత ప్రయోగాల్లో తేలిన దిగుబడిని, ధరను గుణిస్తారు. గనికి తవ్విన ఖనిజం విలువ, ఫ్యాక్టరీకి వార్షిక పరిశ్రమల సర్వేలో తేలిన అదనపు విలువ తీసుకుంటారు. రైల్వేలు, బ్యాంకులు, టెలిఫోన్ల లాంటి వాటిని జిల్లాలవారీగా విడదీయడం కష్టం కాబట్టి రాష్ట్రం మొత్తాన్ని ఏదో ఒక సూచికతో పంచేస్తారు. అన్నీ కూడి, యంత్రాల అరుగుదల తీసేసి, అంచనా జనాభాతో భాగిస్తారు. ఆ జనాభా అంచనాకు ఆధారం 2011 జనగణన.

ఇప్పుడు దమన్‌జోడి సంగతి. కొరాపుట్ జిల్లాలో కేంద్ర ప్రభుత్వ కంపెనీ నాల్కో ఉన్న చోటు ఇది. పంచపట్మలి కొండ మీద అల్యూమినియం ఖనిజమైన బాక్సైట్ తవ్వుతారు, కింద రిఫైనరీలో దాన్ని శుద్ధి చేసి అల్యూమినా పొడి చేస్తారు. లోహం చేసే స్మెల్టర్ మాత్రం అంగుల్‌లో ఉంది. ఎగుమతి అయ్యే అల్యూమినా విశాఖ రేవుకు పోతుంది. గనిలో, రిఫైనరీలో పుట్టిన విలువంతా, అంటే జీతాలు, వడ్డీ, లాభం అన్నీ, కొరాపుట్ ఖాతాలోనే పడతాయి. కంపెనీ లాభం భువనేశ్వర్‌కు, డివిడెండు ఢిల్లీకి వెళ్లినా సరే, తలసరి అంకెలో దాన్ని లక్ష్మీపూర్ బ్లాకులో పోడు చేసుకునే కుటుంబానికి కూడా పంచి చూపిస్తారు.

మరి జిల్లాకు నేరుగా ఏం మిగులుతుంది? కాగితం మీద వేసి చూద్దాం. అల్యూమినియం కోసం తవ్వే బాక్సైట్‌కు రాయల్టీ, ఖనిజంలో ఉన్న లోహానికి లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్ ధర కట్టి, అందులో 0.60 శాతం. ఖనిజంలో అల్యూమినా 42 శాతం, లోహం ధర టన్నుకు 2,500 డాలర్లు, డాలరుకు 85 రూపాయలు అనుకుందాం. టన్ను ఖనిజంలో అల్యూమినా 420 కిలోలు. అల్యూమినా బరువులో లోహం సుమారు 53 శాతం, కాబట్టి 222 కిలోలు. దాని విలువ 555 డాలర్లు, రాయల్టీ 3.33 డాలర్లు, అంటే 283 రూపాయలు. ఇది రాష్ట్ర ఖజానాకు పోతుంది. గని ప్రభావిత ఊళ్ల కోసం జిల్లాలో పెట్టిన నిధి, జిల్లా ఖనిజ ఫౌండేషన్‌కు వచ్చేది వేరే: 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీకి 30 శాతం, వేలంలో ఇచ్చినవైతే 10 శాతం. పాత లీజు లెక్కన టన్నుకు 85 రూపాయలు. టన్ను లోహానికి ఐదున్నర టన్నుల ఖనిజం పట్టిందనుకుంటే ఫౌండేషన్‌కు దక్కేది సుమారు 470 రూపాయలు. ఆ టన్ను లోహం ఖరీదు 2,12,500. ఉద్యోగాలు, కాంట్రాక్టులు లేవనను. కానీ 2011లో కొరాపుట్ అక్షరాస్యత 49.21 శాతం, భువనేశ్వర్ ఉన్న ఖుర్దా జిల్లాలో 86.88. చదువు అందని ఊళ్లకు ఆ ఉద్యోగాల్లో సాధారణంగా దక్కేది కూలిపనే.

సరిహద్దు ఇంకో రకంగా కూడా లెక్క మారుస్తుంది. సెమిలిగుడ సంతలో గింజతో అమ్మిన చింతపండు సుంకి ఘాట్ మీదుగా సాలూరు వైపు దిగిందనుకోండి. గింజ తీయడం, గ్రేడింగ్, రంగు నల్లబడకుండా కోల్డ్ స్టోరేజిలో ఉంచి ధర వచ్చినప్పుడు అమ్మడం, ఈ విలువంతా ఆంధ్ర జిల్లాల ఖాతాలో చేరుతుంది. కొరాపుట్‌కు మిగిలేది సంత ధర ఒక్కటే. ఇటు వలస కూలీ విజయవాడలోనో కేరళలోనో సంపాదించి ఇంటికి పంపిన డబ్బు ఈ లెక్కలోకే రాదు. అందుకే ఒకే అంకె గని వల్ల ఉబ్బుతుంది, వలస వల్ల తగ్గి కనిపిస్తుంది. రెండూ ఒకదానికొకటి సరిపోతాయనుకోవడం పొరపాటు, ఎందుకంటే గని లాభం పొందేవాళ్లు వేరు, వలసపోయేవాళ్లు వేరు.

తలసరి అంకె కన్నా నేను నమ్మేది ఖర్చును, కూలిని. 2022-23 గృహ వినియోగ సర్వేలో గ్రామాల్లో మనిషికి నెల ఖర్చు ఒడిశాలో 2,950 రూపాయలు, ఆంధ్రప్రదేశ్‌లో 4,870. ఇవి రాష్ట్ర సగటులు. ఆ సర్వే నమూనాను జిల్లా స్థాయి అంచనాల కోసం రూపొందించలేదు. 2025 జనవరి నుంచి జాతీయ నమూనా సర్వేలు జిల్లాను ప్రాథమిక విభాగంగా తీసుకుంటున్నాయి, కాబట్టి ఇకపై కొంత మెరుగు.

ఉపాధి హామీ కూలి చూడండి. 2011 జనవరిలో ఒడిశాలో 125 రూపాయలు, ఆంధ్రలో 121. 2024-25కు ఒడిశాలో 254, ఆంధ్రలో 300. ఏటా పెంపును వ్యవసాయ కూలీల ధరల సూచీకి రాష్ట్రాలవారీగా ముడిపెట్టడంతో తేడా పేరుకుపోయింది. 2016-17లో ఒడిశా రేటు అంతకు ముందు ఏడు ఉన్న 174 దగ్గరే ఆగిపోయింది, ఆంధ్రది 180 నుంచి 194కు వెళ్లింది. ఘాట్ దిగితే అదే మట్టిపనికి ఎక్కువ కూలి. సూచీ పద్ధతి వెనకబడిన ప్రాంతాన్ని వెనకే ఉంచుతుందనడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

జిల్లాలో నిజంగా మార్చగలిగింది ఖనిజ ఫౌండేషన్ డబ్బు వెళ్లే దారి. 2024 కేంద్ర మార్గదర్శకాల ప్రకారం కనీసం 70 శాతం తాగునీరు, వైద్యం, చదువు లాంటి ప్రాధాన్య రంగాలకు ఖర్చు చేయాలి. గనికి 15 కిలోమీటర్ల లోపు నేరుగా ప్రభావితమైన ప్రాంతం, 25 లోపు పరోక్షంగా. మామూలుగా జరిగే తప్పు ఏమిటంటే, డబ్బు పట్టణంలో భవనాలకు, మెయిన్ రోడ్లకు పోతుంది, ఎందుకంటే అవి త్వరగా టెండరుకెక్కుతాయి, బిల్లు సులువుగా పాసవుతుంది. ఊళ్లో వాళ్లు సమాచార హక్కు కింద అడగాల్సింది మొత్తం ఎంత వచ్చిందని కాదు, ఆ జవాబుతో పని జరగదు. ప్రభావిత గ్రామాల జాబితా, ఏడాది ప్రణాళికలో ఒక్కో పని ఏ గ్రామంలో ఉందో ఆ వివరం, పూర్తయిన పనులకు వినియోగ పత్రం అడగండి. కొరాపుట్ రాజ్యాంగం అయిదో షెడ్యూల్ కింద ప్రకటించిన గిరిజన ప్రాంతం. కాబట్టి ప్రణాళికతో పాటు ఆయా గ్రామసభల తీర్మానం నకలు, తేదీ, సంతకాల పేజీతో సహా, అడగడం మరిచిపోవద్దు. గిరిజన గ్రామాల్లో పని మీద అభ్యంతరం చెప్పడానికి ఆ పేజీయే మొదటి ఆధారం.