నీళ్ల కోసం ఎంచుకున్న దీవి

స్కూబాకి వెళ్తున్నాం అని చెప్పగానే అందరూ అడిగిన మొదటి ప్రశ్న "రిసార్ట్ ఏది?" అని. ఆ తర్వాత "నీళ్ల మీద కాటేజీ ఉంటుందా?" ఆఫీసులో అదే, బంధువుల ఇళ్లలో అదే, చివరికి టికెట్లు చూసే ఏజెంట్ దగ్గరా అదే. అతను మాకు చూపించిన ఫొటోలన్నీ మంచాలవి, స్విమ్మింగ్ పూల్స్‌వి, పూల్‌లో తేలే ట్రేలో సర్దిన టిఫిన్లవి. ఏ నెలలో నీళ్లు తేటగా ఉంటాయి, కొత్తవాళ్లకి అక్కడి ప్రవాహం పడుతుందా, ఒక్కో ఇన్‌స్ట్రక్టర్‌కి ఎంతమందిని అప్పజెబుతారు అని అడిగితే, "స్కూబా ప్యాకేజీలోనే ఉంటుంది మేడం" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. సముద్రం లోపలికి దిగడానికి ఇంత డబ్బు పోస్తూ, ఆ సముద్రం గురించి ఒక్క ముక్క కూడా తెలుసుకోకుండా ఎలా బయల్దేరతాం?

ఇక నేనూ చెల్లీ కూర్చుని మేమే వెతుక్కున్నాం. మాది కోనసీమ. చిన్నప్పటి నుంచి కాలవల్లో ఈదినవాళ్లం కాబట్టి నీళ్లంటే భయం లేదు. మాకు కావలసింది ఒక్కటే. వీడియో తీయించుకుని వచ్చేయడం కాదు, పద్ధతిగా నేర్చుకోవాలి. ఓపెన్ వాటర్ కోర్సు చేస్తే 18 మీటర్ల లోతు దాకా దిగే అర్హత వస్తుంది. దానికి 200 మీటర్లు ఈదగలగాలి, పది నిమిషాలు ఏ ఆసరా లేకుండా తేలగలగాలి. ఆ రెండూ మాకు వచ్చు.

చెల్లి మనసంతా మాల్దీవుల మీద. కాదనడానికి నాకూ మనసొప్పలేదు. దక్షిణ అరి అటోల్ (అటోల్ అంటే వలయంలా ఉండే పగడపు దీవుల వరస) వైపు వేల్ షార్క్‌లనే పెద్ద సొరచేపలు ఏడాది పొడవునా కనిపిస్తాయి. బా అటోల్‌లోని హనిఫారు దగ్గరికి జూన్ నుంచి నవంబర్ దాకా మాంటా రేలనే పెద్ద టేకు చేపలు గుంపులు గుంపులుగా వస్తాయి, కానీ అక్కడ స్కూబాకి అనుమతే లేదు, పైన తేలుతూ స్నార్కెలింగ్ చేయాల్సిందే. మాల్దీవుల్లో అసలు అందమంతా అటోల్‌లోకి సముద్రం వచ్చిపోయే సన్నటి దారుల దగ్గర ఉంటుంది. అక్కడ ప్రవాహం గట్టిది. ఇప్పుడే మాస్క్ పెట్టుకోవడం నేర్చుకునే మనిషికి అది చోటు కాదు. దానికి తోడు విమానం దిగాక మళ్లీ స్పీడ్ బోటుకి డాలర్లు, డైవ్‌కి డాలర్లు. డైవింగ్ వచ్చినవాళ్లు వెళ్లాల్సిన చోటు అది.

థాయ్‌లాండ్‌లో కో తావో నేర్చుకునేవాళ్లకి పేరున్న దీవి. కోర్సు ఖర్చు కూడా అండమాన్‌లో అయ్యేదానికి దగ్గర్లోనే ఉంటుంది. కాకపోతే బ్యాంకాక్ దిగి, బస్సో రైలో పట్టుకుని చుంఫోన్ చేరి, అక్కడ మళ్లీ ఫెర్రీ ఎక్కాలి. బాలిలో తులాంబెన్ దగ్గర ఒడ్డుకి పక్కనే లిబర్టీ ఓడ మునిగి ఉంది. 1942లో టార్పిడో దెబ్బ తిని ఒడ్డుకి చేరిన ఓడ, 1963లో అగుంగ్ అగ్నిపర్వతం పేలినప్పుడు నీళ్లలోకి జారిపోయింది. చదువుతుంటేనే నోరూరింది కానీ బడ్జెట్ ఒప్పుకోలేదు. లక్షద్వీప్‌కి పర్మిట్ కావాలి, కొచ్చి నుంచి అగత్తికి సీట్లు తక్కువ, మాకు సెలవులు దొరికిన తేదీలకి ఏదీ కుదరలేదు. మురుడేశ్వర్ దగ్గరి నేత్రాణి ఒక్కరోజు సరదాకి బాగుంటుంది. అలా తిరిగి తిరిగి అండమాన్ దగ్గర ఆగాం. ఫిబ్రవరి, అక్కడి హావ్‌లాక్ దీవి.

చెన్నై నుంచి విమానం, సెల్యులార్ జైలు, రాత్రి చేపల కూర. పోర్ట్ బ్లెయిర్ గురించి ఇంతకన్నా రాయను. టికెట్ల మీద ఇప్పుడు అది శ్రీ విజయపురం, హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్. ఆటోవాళ్లు మాత్రం పాత పేర్లే వాడుతున్నారు.

రాయాల్సింది ఫెర్రీ గురించి. ప్రైవేటు ఫెర్రీలు గంటన్నరలో తీసుకెళ్తాయి. కానీ మనిషికి ఒకవైపే వేల రూపాయలు, పైగా సీట్లోంచి లేవనివ్వరు, అద్దాల్లోంచి చూడాల్సిందే. ఇద్దరికీ రానుపోను లెక్కేస్తే రెండు మూడు డైవ్‌ల డబ్బు. నాకు ప్రాణం ఒప్పలేదు. గవర్నమెంటు బోటుకి టికెట్ దొరకడం కష్టమని అందరూ భయపెట్టారు కానీ, ఫీనిక్స్ బే కౌంటర్ దగ్గర పొద్దున్నే నిలబడితే దొరికింది. రెండున్నర గంటల ప్రయాణం, పైన డెక్కు మీద గాలి, కింద కూరగాయల మూటలు, కోళ్ల బుట్టలు, సెలవులకి ఇంటికెళ్తున్న పిల్లలు.

మేం డెక్కు మీద తెలుగులో వాదించుకుంటున్నాం, మాల్దీవుల గొడవే. పక్కన తాడు చుట్ట మీద కూర్చున్న ముసలాయన ఇటు తిరిగి, "ఏ ఊరు తల్లీ మీది?" అన్నాడు. ఆ మాటతీరు వినగానే శ్రీకాకుళం అని తెలిసిపోయింది. అండమాన్‌లో తెలుగువాళ్లు ఉంటారని తెలుసు. 2011 జనాభా లెక్కల్లో అక్కడ నూటికి పదమూడు మంది మాతృభాష తెలుగే. వాళ్లలో చాలామందివి ఉత్తరాంధ్ర వేట కుటుంబాలు. లెక్కల్లో చదవడం వేరు, బంగాళాఖాతం దాటి వచ్చాక ఎదురుగా కూర్చుని ఒక పెద్దాయన "తల్లీ" అని పిలవడం వేరు. నాకు గొంతు పూడుకుపోయింది.

"కోనసీమ బాబాయ్. స్కూబా నేర్చుకుందామని."

"అంటే గాలి డబ్బా కట్టుకుని దిగీదేనా? ఈ గుంట కూడా దిగుతాదా?"

"దిగుతాను బాబాయ్," అంది చెల్లి.

ఆయన తండ్రి భావనపాడు వైపు నుంచి వచ్చారట. పెళ్లయ్యాక భార్యనీ తెచ్చుకుని ఇక్కడే ఉండిపోయారు. ఈయన పుట్టింది ఇక్కడే. వయసులో ఉండగా సిలిండరూ గిలిండరూ లేకుండా, ఊపిరి బిగబట్టి శంఖాలకీ గవ్వలకీ దిగేవాడట. "ఇప్పుడు తియ్యకూడదు, కేసెట్టేస్తారు. అప్పుడు అడిగీవోడు లేడు," అన్నాడు. కుడిచెయ్యి చాపి చూపించాడు, బొటనవేలి కింద తెల్లటి గీత. పగడం కోసుకుపోయిన మచ్చ. ఆ గాయం మానడానికి ఒక వానాకాలం పట్టిందట. "పగడం మీద కాలెయ్యకండమ్మా. మీకూ మంచిది కాదు, దానికీ మంచిది కాదు."

నేను ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూనే ఉన్నాను, ఆయన విసుక్కోలేదు. ఏ నెలలు మంచివి అంటే, "సంక్రాంతి వెళ్లిన కాడ్నించి ఏప్రిల్ దాకా సముద్రం నూనెలాగుంటాది. మే నెలాఖర్న గాలి తిరిగితే మరి లోపలికెల్లొద్దు," అన్నాడు. సునామీ అప్పుడు ఎక్కడున్నారని చెల్లి అడిగింది. కాసేపు మాట్లాడలేదు. గట్టునే ఉన్నానని, పడవ పోయిందని, మనుషులు దక్కారని మాత్రం చెప్పి ఆ మాట వదిలేశాడు. మేమూ వదిలేశాం. జెట్టీ కనిపిస్తుండగా లేచి, చెల్లి వైపు తిరిగి చెప్పాడు: "చెవి నొప్పెడితే మరి దిగిపోకు. కొంచెం పైకొచ్చి, ముక్కు మూసి గాలి కొట్టు. అప్పుడు దిగు. ఎవుడు తొందరెట్టినా వినకు." దిగేటప్పుడు ఇద్దరి నెత్తి మీదా చెయ్యి పెట్టి వెళ్లిపోయాడు.

హావ్‌లాక్‌లో నాకు నచ్చనిది కూడా చెప్పాలి. నెమో రీఫ్ ఒడ్డున పొద్దున్నే వరసలు కడతారు. ట్రై డైవ్ అని, మూడున్నర వేల నుంచి మొదలు. పది నిమిషాల పాఠం, తర్వాత వెనక నుంచి ఒకాయన సిలిండర్ పట్టుకుని బొమ్మని నెట్టినట్టు నెట్టుకుంటూ తీసుకెళ్తాడు. ముందు నుంచి ఇంకొకాయన వీడియో. ఒక్కసారి లోపల చూడాలి అనుకునే పెద్దవాళ్లకి అది మంచిదే, నేను కాదనను. కానీ ఒడ్డు మీద ఒకావిడ చెవి పట్టుకుని కూర్చుని ఏడుస్తోంది. నొప్పి అని సైగ చేసినా కిందికే దించారట. ఏ షాపో ఇక్కడ రాయను. ఆ ముసలాయన చెప్పిన మాటే వాళ్లకి తెలియకపోతే ఎలా, తెలిసీ తొందరపెడితే ఇంకెలా?

మా కోర్సు నడిపినతను మాయాబందర్ వైపు కరెన్ తెగ కుటుంబం కుర్రాడు. వాళ్ల పెద్దలు 1925లో బర్మా నుంచి వచ్చి అక్కడ అడవి కొట్టుకుని స్థిరపడ్డారు. మాట తక్కువ. మొదటి పూటంతా చెప్పింది ఊపిరి గురించే. లోపల ఊపిరి బిగబట్టకూడదు. పది మీటర్లు దిగితే ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపవుతుంది, అక్కడ పీల్చిన గాలి పైకొచ్చేకొద్దీ ఉబ్బుతుంది, బిగబడితే ఊపిరితిత్తులకే దెబ్బ. అందుకే నెమ్మదిగా రావాలి, ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాలు ఆగాలి. సిలిండర్‌లో గాలి ఒత్తిడి 200 బార్ ఉండగా దిగి, కనీసం 50 మిగిలి ఉండగానే పైకి చేరాలి.

చెల్లికి ఇవన్నీ ఇట్టే వచ్చేశాయి, మాస్క్ దగ్గర ఆగిపోయింది. మాస్క్‌లోకి కావాలని నీళ్లు రానిచ్చి, తల కొంచెం పైకెత్తి, అంచు పైభాగాన్ని వేళ్లతో అదిమి, ముక్కుతో గాలి వదిలితే నీళ్లు కింద నుంచి వెళ్లిపోతాయి. కళ్లలోకి ఉప్పు నీళ్లు రాగానే తను ముక్కుతో పీల్చేది. నోట్లో గాలి అందించే రెగ్యులేటర్ ఉన్నా సరే, భయంలో ముక్కే గుర్తొస్తుంది. వెంటనే లేచి నిలబడి దగ్గు. మళ్లీ మోకాళ్ల మీద, మళ్లీ దగ్గు. నాకు టెన్షన్, డబ్బు పోతుందని కాదు, ఇక వద్దంటుందేమోనని. ఆ కుర్రాడు వాచీ వైపు చూడలేదు. మాస్క్ పూర్తిగా తీయించి, మొహం నీళ్లలో పెట్టి నోటితో పీల్చడం మాత్రమే చేయించాడు, తను కూడా మాస్క్ తీసేసి ఎదురుగా కూర్చుని. ఎంతసేపు అలా కూర్చున్నారో. తర్వాత మాస్క్ పెట్టించి నీళ్లు నింపితే, చెల్లి ఒక్క ఊదుతో ఖాళీ చేసింది. నీళ్లలోనే చప్పట్లు కొట్టింది.

అక్కడ ఎండ త్వరగా వస్తుంది, త్వరగా పోతుంది. ఐదున్నరకే సూర్యుడు దిగిపోతాడు కాబట్టి బోట్లు పొద్దున ఆరున్నరకల్లా కదలాల్సిందే. లైట్‌హౌస్ అనే చోట మొదటి పెద్ద డైవ్. కిందికి వెళ్తుంటే ఎక్కడి నుంచో పటపటమని చప్పుడు. చిలక చేప, పగడాన్ని కొరుకుతోంది. పళ్ల గీతలు కనిపించేంత దగ్గరికి వెళ్లాను. అది ఇంకో నాలుగు కొరుకులు కొరికి, కదిలి, వెనక నుంచి తెల్లటి ఇసుక ఒక ధారలా వదిలింది. బీచ్‌ల తెల్ల ఇసుకలో కొంత ఇలా తయారైనదేనని చదివాను, చూస్తానని అనుకోలేదు. ఇసుక మీద నలుపు పట్టీల పాము ఒకటి రాళ్ల సందుల్లో తల దూర్చి తీస్తోంది. విషమున్నదే కానీ మమ్మల్ని లెక్కే చేయలేదు. పార చేపల గుంపు మా చుట్టూ ఒకసారి తిరిగి వెళ్లిపోయింది.

రంగుల గురించి మాత్రం నిజం చెప్పాలి. ఫొటోల్లో చూసే రంగులన్నీ లోతు తక్కువ చోట్ల లేవు. 2010లో నీళ్లు వేడెక్కి అండమాన్ పగడాలు పెద్ద ఎత్తున తెల్లబడి చచ్చాయి, 2016లో మళ్లీ దెబ్బ. నెమో వైపు చాలా చోట బూడిద రంగు ముక్కల దిబ్బలే. వాటి మధ్య అరచేయంత కొత్త పగడాలు లేస్తున్నాయి, మా కుర్రాడు ఒక్కొక్కటీ వేలితో చూపించాడు. అలాంటి చోట ఒకడు కాళ్లకి తొడుక్కునే ఫిన్స్‌తో నిలబడి సెల్ఫీ తీసుకుంటుంటే నాకు పట్టరాని కోపం వచ్చింది. లోతులో ఉండే జానీస్ గార్జ్, డిక్సన్స్ పినాకిల్ లాంటి చోట్ల జీవం దండిగా ఉంటుందంటారు. అక్కడికి అడ్వాన్స్‌డ్ కోర్సు కావాలి, అది 30 మీటర్ల దాకా.

డైవింగ్ అయ్యాక వెంటనే విమానం ఎక్కకూడదు. వరసగా డైవ్‌లు చేస్తే కనీసం 18 గంటలు ఆగమంటారు. ప్యాకేజీలు ఇది పట్టించుకోకుండా చివరి రోజు పొద్దున కూడా డైవ్ పెట్టేస్తున్నాయి, బుక్ చేసేవాళ్లు గట్టిగా అడగాలి. మేం ఆ సమయాన్ని నీల్ దీవిలో గడిపాం. సైకిళ్లు, కొబ్బరి నీళ్లు, ఎక్కువ ధరకి ఓ మోస్తరు భోజనం.

కోర్సుకి మనిషికి పాతిక వేలు దాటింది. గదికి పెట్టింది చాలా తక్కువ. ఫ్యాన్, దోమతెర, వెనక పోకచెట్లు. ఎవరైనా దీవి ఎంచుకుంటుంటే ముందు నేర్పేవాళ్లతో ఫోన్‌లో మాట్లాడమని చెప్తున్నాను. ఒక్కొక్కరికి ఎంతమంది, చెవి నొప్పి వస్తే ఏం చేస్తారు, మాస్క్ రాకపోతే ఇంకో పూట ఇస్తారా? ఈ మూడింటికీ జవాబు తిన్నగా వస్తే గది ఎలా ఉన్నా ఫర్వాలేదు.

వచ్చే చలికాలానికి చెల్లి మళ్లీ మాల్దీవులు ఎత్తుకుంది. ఇప్పుడు కోర్సు పూర్తి చేసిన కార్డు ఉంది కదా, ప్రవాహం పట్టుకుంటానంటోంది. నేను అడ్వాన్స్‌డ్ కోర్సుకి హావ్‌లాకే వెళ్దామంటున్నాను, ఈసారి విమానం కాకుండా విశాఖ నుంచి వెళ్లే ఓడలో. తేదీలు ప్రకటిస్తే చెప్పమని పోర్టులో పనిచేసే మా పెదనాన్న కొడుక్కి ఇప్పటికే పురమాయించాను.