డబ్బిచ్చి తాడు లాగిన రెండు రోజులు

"చేతి తొడుగులు తెచ్చుకున్నారా?" ఓడ ఎక్కగానే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట ఇది. తెచ్చుకోలేదు. డబ్బు కట్టించుకున్నప్పుడు దుప్పటి అద్దె వేరు, వంట సరుకుల ఖర్చు వేరు అని వివరంగా రాసి పంపారు గానీ, తొడుగుల సంగతి రాయలేదు. తెరచాప ఓడ మీద రెండు రోజుల ప్రయాణానికి వెళ్తున్న ఆఫీసు మిత్రుల బృందంలో ఒకరు తగ్గారని నన్ను కలుపుకున్నారు. ఉట్రెక్ట్ నుంచి లేవార్డెన్, అక్కడ బండి మారి హార్లింగెన్ రేవు. నెదర్లాండ్స్ రైలు చార్జీల గురించి ఇక్కడున్న తెలుగువాళ్లకు కొత్తగా చెప్పేదేమీ లేదు. అది తినేసిన డబ్బు గుర్తొచ్చి అప్పటికే చికాకుగా ఉన్నాను.

ఓడను క్లిప్పర్ అంటారు. పేరు ఘనంగా ఉన్నా, నూరేళ్లు దాటిన సరుకు పడవ అది. ఒకప్పుడు బంగాళాదుంపలు పోసిన అడుగు అరలో ఇప్పుడు పదహారు మంచాలు వేశారు. నా మంచం మీద పక్కకు తిరగాలంటే ముందు మోచేతిని ఎక్కడ పెట్టుకోవాలో ఆలోచించుకోవాలి. ఉద్యోగులు ఇద్దరే. ఒకరు నడిపే పెద్దాయన, నేను మనసులో సరంగు అని పిలుచుకున్నాను. రెండోది తొడుగులు అడిగిన అమ్మాయి. మిగతా పనంతా అతిథులదే. అందుకే దీన్ని విహారం అనకుండా అనుభవం అంటున్నారని నాకు శనివారం ఉదయం అర్థమైంది.

పెద్ద తెరచాప పైఅంచుకు బరువైన అడ్డకొయ్య ఉంటుంది. దాని రెండు కొసలకూ రెండు మోకులు, మోకుకు నలుగురు చొప్పున మనుషులు. కొయ్య అడ్డంగానే పైకి లేవాలి. ఒక జట్టు తొందరపడితే ఒక పక్క ఎగిరి, మొత్తం వంకరగా బిగుసుకుపోతుంది. మా జట్టే తొందరపడింది. ఆ అమ్మాయి "ఆపండి" అని అరిచింది, దించమంది, మళ్లీ ఎత్తమంది. మూడోసారికి నా అరచేతిలో చర్మం లేచింది. ఎదుటి జట్టులో డచ్చివాళ్లు ఏదో లెక్క పెట్టుకుంటూ లాగుతున్నారు. నాకు తెలియకుండానే నోట్లోంచి "హైలెస్సా" అని వచ్చింది. నా వెనకాల ఉన్న జర్మన్ ఆయనకు అది నచ్చింది. తరువాత రెండు రోజులూ టీ కప్పు ఎత్తినా ఆయన "ఐలెసా" అనేవాడు.

తెరచాప ముదురు గోధుమ రంగులో ఉంది. ఇదివరకు నూలు గుడ్డ కుళ్లకుండా కాచుతో ఉడికించేవారట, ఆ రంగు అలవాటై ఇప్పటి గుడ్డనూ అదే రంగులో నేస్తున్నారట. మన కిళ్లీలో వేసే కాచే అది. మన వైపు నుంచి, బర్మా నుంచి ఓడలకెక్కి ఇంత దూరం వచ్చేదన్నమాట. నాకు వెంటనే కిళ్లీ తినాలనిపించింది. చుట్టుపక్కల దొరికినవి రొట్టె, వెన్న, వాటి మీద చల్లుకునే చాక్లెట్ పలుకులు. మూడు పూటలూ అవే.

పదకొండున్నరకు ఓడ నేలకు తగిలి ఆగిపోయింది. నేను తప్ప ఎవరూ కంగారు పడలేదు. కావాలనే ఆపారట. వాడెన్ సముద్రంలో ఆటుపోట్ల తేడా ఇక్కడ దాదాపు 2 మీటర్లు. అడుగు బల్లపరుపుగా ఉన్న ఈ పడవలు నీళ్లు వెనక్కి పోయాక ఇసుక మీద తిన్నగా కూర్చుంటాయి. పక్కలకు రెక్కల్లా వేలాడే పెద్ద పలకలను పైకి లాగేశాం (మళ్లీ మేమే). గంటలో సముద్రం మాయమైంది. నిచ్చెన వేశారు. కనుచూపు మేర బురద, ఇసుక పురుగులు వదిలిన మెలికల కుప్పలు, దూరంగా నల్లటి చుక్కల్లా సీల్ జంతువులు. 2009 నుంచి ఇది ప్రపంచ వారసత్వ ప్రదేశమని, వాటి దగ్గరకు వెళ్లకూడదని చెప్పి దింపారు. మొదటి గంట బాగుంది. ఆ తరువాత, మళ్లీ నీరొచ్చేదాకా బురదలో కూర్చోవడానికా ఇంత డబ్బు కట్టానని ఒళ్లు మండింది.

కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్తే గోడ మీద పాత ఫోటో కనిపించింది. కాలువ గట్టు మీద ఒకామె, ఛాతీకి అడ్డంగా పట్టీ, ఆ పట్టీకి తాడు, తాడు చివర నిండు పడవ. ముందుకు ఎంత వంగిందంటే తాడు తెగితే బోర్లా పడుతుంది. సరంగు కాఫీ తెచ్చుకుని పక్కన నిలబడ్డాడు. గాలి లేనప్పుడు పడవవాళ్ల కుటుంబాలు ఇలాగే లాగేవారని చెప్పాడు.

"జీతం ఇచ్చేవారా?" అన్నాను.

"భార్యకా?" అని నవ్వాడు. "ఆమె లాగితే గుర్రం అద్దె మిగిలేది."

మా తాతయ్య, అంటే అమ్మ తండ్రి, కాకినాడ కాలువ మీద ధాన్యం పడవల్లో పనిచేశాడు. గాలి పడిపోతే గెడ వేసేవారు, లేదంటే గట్టు మీదికి దిగి తాడు లాగేవారు. ఆయన కుడి భుజం మీద అరచేయంత మేర చర్మం నల్లగా, గట్టిగా ఉండేది. చిన్నప్పుడు దాన్ని గిల్లితే నొప్పి తెలిసేది కాదు ఆయనకు. పడవ పని మానేశాక ఇంట్లో తాడన్నది ముట్టుకోలేదు. బావిలో చేద వేయడం కూడా అమ్మమ్మ పనే. అడిగితే, "నా వంతు లాగేశాను" అనేవాడు. బద్ధకమనుకునేవాళ్లం.

నాలుగున్నరకు నీరొచ్చి ఓడ కదిలింది. టెర్‌స్కెలింగ్ దీవి చేరేసరికి రాత్రయింది. 1594 నాటి బ్రాండారిస్ దీపస్తంభం కింద నుంచి నడిచి వెళ్లి వేపిన బంగాళాదుంపలు తిన్నామని తప్ప ఆ ఊరి గురించి చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. తెల్లవారుజామున అయిదింటికే లేపేశారు. పోటు మన సెలవు చూసుకుని రాదు కదా. ఈసారి అడ్డకొయ్య ఒక్కసారికే తిన్నగా లేచింది. ఆ అమ్మాయి ఏమీ అనలేదు. అదే మెప్పనుకున్నాను.

హార్లింగెన్‌లో దిగే ముందు ఓడ కడగడం కూడా మన బాధ్యతే. నా వాటాకు మరుగుదొడ్లు వచ్చాయి.

తిరుగు రైల్లో అమ్మకు ఫోను చేశాను. ఓడ మీద రెండు రోజులు తాడు లాగానని, చేతులు బొబ్బలెక్కాయని చెప్పాను.

"ఎంత ఇచ్చారురా?" అంది.

రూపాయల్లో ఇరవై వేల దాకా అయిందన్నాను.

"పోనీలే, బాగానే ఇచ్చారు" అంది. నేను సరిదిద్దలేదు.