హెరాన్ దీవిలో నీటి అడుగు ఫొటోలు: ఇప్పటిదాకా సాధన

డిసెంబర్ సెలవులకు పిల్లలతో హెరాన్ దీవికి వచ్చాం. ఆస్ట్రేలియాలో గ్రేట్ బారియర్ రీఫ్ దక్షిణ భాగంలో, గ్లాడ్‌స్టన్ తీరానికి సుమారు 80 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. దీవి పొడవు 800 మీటర్లే. ఒడ్డు నుంచి నడుస్తూ నీళ్లలోకి దిగితే పగడాలు మొదలవుతాయి. ఈ హాబీకి ఇంతకన్నా అనువైన చోటు నేను చూడలేదు.

రంగుల సంగతి ముందు. నీళ్లు ఎరుపును మొదట మింగేస్తాయి. కొన్ని మీటర్ల లోతుకే ఫొటో అంతా నీలం. అందుకే ఒకటి రెండు మీటర్ల లోతులోనే తీస్తున్నాను. దిగాక తెల్ల ప్లాస్టిక్ పలక చూపించి వైట్ బ్యాలెన్స్ (రంగులు సహజంగా కనిపించేలా కెమెరాలో చేసే సర్దుబాటు) సెట్ చేస్తాను, లోతు మారితే మళ్లీ చేస్తాను. ఫ్లాష్ ఆపేశాను, ఎందుకంటే నీళ్లలో తేలే ఇసుక నలుసులన్నీ తెల్లచుక్కల్లా వెలుగుతాయి. జూమ్ జోలికి పోను. మధ్యలో ఎంత తక్కువ నీరుంటే ఫొటో అంత స్పష్టం.

అయితే దగ్గరికి వెళ్లడమంటే వెంటపడటం కాదు. ఈ వారం బాగా ఒంటబట్టిన పాఠం ఇదే. పచ్చ తాబేలుకు ఎదురెళ్లకుండా, పక్కన కాస్త దూరంలో కాళ్లాడించకుండా తేలుతూ ఉంటే, అది తన మానాన మేస్తుంది. ఊపిరికి పైకి వచ్చే దారికి మాత్రం అడ్డు రాకూడదు. చిలుక చేపలు పగడాన్ని కొరికే చప్పుడు నీళ్లలో చక్కగా వినిపిస్తుంది. ఆ పొడే తర్వాత ఇసుకగా బయటికొస్తుందని చెప్పాక మా అమ్మాయి మాస్కు తీయడమే మానేసింది! కొత్త చేపను మొదట కనిపెట్టేది కూడా ఎక్కువగా తనే.

సమయం పోటును బట్టే. పోటు నిండుగా ఉన్నప్పుడు ఈత. ఆటు వేళ నీరు మరీ పలచన, కాళ్లకు తొడిగే ఈత రెక్కలు (ఫిన్స్) పగడాలకు తగులుతాయి. అప్పుడు బూట్లేసుకుని ఇసుక దారుల్లోనే నడుస్తాం. అందమైన శంఖాలను పిల్లలు ముట్టుకోకుండా చూడాలి, లోపల విషమున్న కోన్ నత్త ఉండి కుడితే ప్రాణాలకే ముప్పు.

ఒడ్డున పిసోనియా చెట్ల నిండా బ్లాక్ నాడీ పక్షుల గూళ్లు. ఆ చెట్ల జిగురు గింజలు రెక్కలకు అంటుకుని కొన్ని పక్షులు ఎగరలేక చనిపోతాయి. చూస్తే మా బాబుకు ఏడుపొచ్చింది, నాకూ మనసు బరువెక్కింది. రాత్రిళ్లు షియర్‌వాటర్ పక్షులు నేల బొరియల్లోంచి పసిపిల్లల్లా ఏడుస్తాయి. గుడ్లు పెట్టడానికి వచ్చే తాబేళ్లకు లైటు పడకూడదు కాబట్టి, చీకటి పడ్డాక కెమెరా గదిలోనే ఉంటుంది.

ఈత కాగానే కెమెరాకు నీళ్లు తగలకుండా కాపాడే పెట్టెను, అంటే హౌసింగ్‌ను తెరవకుండా మంచినీళ్లలో నానబెట్టి, ఆరాక నీళ్లు చొరబడకుండా ఆపే రబ్బరు వలయం (ఓ-రింగ్) మీద ఇసుక రేణువు లేకుండా తుడుస్తాను. లోపల తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం తప్పనిసరి, లేకపోతే అద్దానికి ఆవిరి పడుతుంది.

తర్వాతి సాధన సగం నీటి పైన, సగం లోపల కనిపించే ఫ్రేమ్. దానికి గాలి తగ్గాలి. రేపు ఉదయం పోటు ఉంది, ప్రయత్నిస్తాను.