ఇంటి నుంచి రాత్రి ఎమర్జెన్సీ సీటీలు చదవడం: నా అనుభవం

నేను రేడియాలజిస్టును. హైదరాబాద్‌లో ఇంట్లో కూర్చుని జిల్లా ఆసుపత్రుల రాత్రి సీటీ స్కాన్లు చదువుతాను. ఈ పనిలో మెదడు కంటే ముందు ఎంబీల లెక్క వస్తుంది. ఒక్క సీటీ స్లైస్ (అడ్డకోత బొమ్మ) అర ఎంబీ. 5 ఎంఎం మందంతో బ్రెయిన్ 30 స్లైసులు, అంటే 15 ఎంబీ. యాక్సిడెంట్ కేసులో తల నుంచి పెల్విస్ దాకా పల్చటి స్లైసులు 1500 అయితే 750 ఎంబీ. ఆసుపత్రి అప్‌లోడ్ 10 ఎంబీపీఎస్ (సెకనుకు మెగాబిట్లు, ఎనిమిది బిట్లు ఒక బైట్) ఉంటే మొదటిది 12 సెకన్లలో వస్తుంది, రెండోదానికి కంప్రెషన్ లేకపోతే 10 నిమిషాలు. "మాది 100 ఎంబీపీఎస్ సార్" అంటారు. అది డౌన్‌లోడ్!

అందుకే ముందు 5 ఎంఎం బ్రెయిన్ పంపండి, పల్చటివి ఆ వెనకే పంపండి అని టెక్నీషియన్లకు చెప్పి ఉంచాను. పల్చటివి మానేస్తే కుదరదు. నడినెత్తి కింద, టెంటోరియం (పెద్ద మెదడుకీ చిన్న మెదడుకీ మధ్య పొర) వెంబడి సన్నగా పరుచుకున్న సబ్‌డ్యూరల్ రక్తం (మెదడు పై పొర కింద చేరేది) 5 ఎంఎంలో దొరక్కపోవచ్చు. 1 ఎంఎం స్లైసులతో కరోనల్ (ముఖానికి ఎదురుగా నిలువు కోత) చేసుకుని చూడాలి.

నా వైపు రెండు వేర్వేరు కంపెనీల ఫైబర్ లైన్లు, వాటికి తోడు ఒక సిమ్ రౌటర్. యూపీఎస్ కంప్యూటర్‌కి పెట్టి రౌటర్‌కి, ఫైబర్ డబ్బాకి పెట్టడం మర్చిపోతే కరెంటు పోయినప్పుడు మానిటర్ మాత్రం వెలుగుతూ ఉంటుంది.

కేసు తెరవగానే పేరు, ఐడీ, స్లైసుల సంఖ్య చూస్తాను. లైన్ మధ్యలో తెగితే అక్కడ 312 ఉన్నవి ఇక్కడ 287 అవుతాయి, సాఫ్ట్‌వేర్ ఏమీ చెప్పకపోవచ్చు. కన్సోల్‌లో పాత పేషెంట్ పేరు మార్చకుండానే కొత్తవాళ్లను స్కాన్ చేసేయడం ఇంకా ప్రమాదం. వాట్సాప్‌లో ఫిల్మ్ ఫొటో పంపి "ఒక్కసారి చూడండి సార్" అంటే చూడను. అందులో విండో (ఏ తెలుపు-నలుపు షేడ్లు చూపాలనే సెట్టింగ్) మార్చలేం.

రిక్వెస్ట్ మీద "సీవీఏ?" (స్ట్రోక్, అంటే పక్షవాతమా అని) తప్ప ఏమీ ఉండదు. ఫోన్ చేసి రెండే అడుగుతాను: కాలూ చెయ్యీ ఏ వైపు పడిపోయాయి, చివరిసారి బాగున్నది ఎప్పుడు? నిద్ర లేచేసరికి మాట పోయి ఉంటే, రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి చూసే 4.5 గంటలు పడుకునే ముందు నుంచే లెక్క. మామూలు బ్రెయిన్ విండో 80/40లో (మొదటి అంకె షేడ్ల వెడల్పు, రెండోది మధ్య స్థాయి) స్ట్రోక్ తొలి మార్పులు కలిసిపోతాయి. 40/40కి బిగించి మెదడు లోపలి భాగాలైన ఇన్సులా అంచు, లెంటిఫార్మ్ అంచు రెండు వైపులా పోల్చి చూస్తాను. ఒక ఎంసీఏ (మెదడు పక్క భాగానికి రక్తం తెచ్చే ధమని) తెల్లగా ఉందని వెంటనే గడ్డ అనను. రెండోదీ అంతే తెల్లగా ఉంటే హెమటోక్రిట్ (రక్తంలో ఎర్ర కణాల శాతం) ఎక్కువ కావచ్చు, గోడ వెంబడి గీతలా ఉంటే కాల్షియం. తల వంకరగా పెట్టినా ధమని ఒక వైపే కనబడుతుంది.

రిపోర్టు చెప్పి రాయించే సాఫ్ట్‌వేర్ "నో హెమరేజ్" (రక్తస్రావం లేదు)లో "నో" మింగేస్తే అర్థం తలకిందులు. అందుకని "హెమరేజ్ ఆబ్సెంట్" అంటాను. కుడి, ఎడమ మాత్రం సంతకం ముందు మళ్లీ చదవాల్సిందే.

రక్తం కనబడితే టెక్నీషియన్‌కి కాదు, నేరుగా డ్యూటీ డాక్టర్‌కి ఫోన్. విన్నది తిరిగి చెప్పించుకుని, ఆ డాక్టర్ పేరు, టైమ్ రిపోర్టులో రాస్తాను. పల్చటి స్లైసులు వచ్చాక కొత్తది ఏదైనా దొరికితే పాత రిపోర్టు దిద్దను. అడెండం (అనుబంధం) రాసి మళ్లీ ఫోన్ చేస్తాను.