డిశ్చార్జి రోజు మందుల సంచీ: వార్డులో క్లినికల్ ఫార్మసిస్టుగా నా అనుభవం

పేషెంటు వార్డులో చేరగానే నేను మొదట అడిగేది కేసు షీటు కాదు, మందుల సంచీ. ఇంట్లో వాడేవన్నీ తెమ్మంటాను, ఖాళీ షీట్లతో సహా, పాత చీటీలతో సహా. "ఏం మందులు వాడుతున్నారమ్మా?" అని అడిగితే "బీపీ బిళ్ళ, షుగరు సూది" అంటారు, అంతే. నొప్పి బిళ్ళ, గ్యాస్ బిళ్ళ, నాటు మందు, కంట్లో చుక్కలు వాళ్ళ లెక్కలో మందులు కావు. అందుకని ప్రశ్న మారుస్తాను. మోకాళ్ళు లాగితే ఏం వేసుకుంటారు? నిద్ర పట్టకపోతే? కడుపు ఉబ్బరిస్తే? అప్పుడు అసలు జాబితా బయటికొస్తుంది.

కింద చెప్పే సంచీ ఏ ఒక్కరిదీ కాదు. వార్డులో మళ్ళీ మళ్ళీ కనిపించేవన్నీ ఒక్కచోట చేర్చాను, పద్ధతి తెలియాలని.

పెద్దావిడ. వయసు 70, బరువు 50 కిలోలు. ఏళ్ళ తరబడి కట్టెల పొయ్యి పొగ పీల్చి సీఓపీడీ, అంటే ఊపిరి గొట్టాలు ఇరుకైపోయే జబ్బు, వచ్చింది. షుగరు ఉంది, గుండె లయ తప్పుతుంది. ఆయాసం ఎక్కువై చేరింది. సంచీలో 30/70 ఇన్సులిన్ సీసా, రక్తం గడ్డకట్టకుండా వాడే అసిట్రామ్ 2 మి.గ్రా., పీల్చే పొడి మందు రోటాక్యాప్స్ డబ్బా, రెండు వేర్వేరు కంపెనీల పేర్లతో రెండు బీపీ షీట్లు, నొప్పి బిళ్ళ డైక్లోఫెనాక్ షీటు సగం, పేరు లేని పొట్లంలో గోధుమరంగు బిళ్ళలు.

బీపీ షీట్లు రెండూ తిప్పి, పెద్ద అక్షరాల కింద ఉండే చిన్న అక్షరాలు చదివితే రెండింట్లోనూ టెల్మిసార్టానే. ఒకటి పాత డాక్టరు రాసింది, ఇంకోటి కొత్త చీటీలోది. పాతది ఆపమని ఎవరూ చెప్పలేదు, ఆవిడ రెండూ వేసుకుంటోంది. ఇలాంటి డబుల్ మందు పట్టుకోవడానికి కంప్యూటరేమీ అక్కర్లేదు, షీటు వెనక చదివే ఓపిక చాలు. డైక్లోఫెనాక్ సంగతి వేరు. అసిట్రామ్ మీద అది పడితే కడుపులో రక్తం కారే ముప్పు పెరుగుతుంది, టెల్మిసార్టాన్‌తో కలిస్తే కిడ్నీ మీద భారం. నొప్పికి పారాసెటమాల్ చెబుతాం కానీ అది కూడా రోజుకి 2 గ్రాముల చొప్పున రోజుల తరబడి వాడితే, రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చెప్పే ఐఎన్‌ఆర్‌ని పైకి తీసుకెళ్ళగలదు, కాబట్టి దాన్నీ రాసి పెట్టుకోవాలి.

పేరు లేని పొట్లం చూడగానే "ఇది పారెయ్యండి" అనడం కొత్తగా చేరినవాళ్ళు చేసే తప్పు. అలాంటి నొప్పి మందుల్లో స్టెరాయిడ్ ఉండే అవకాశం ఉంది. నెలల తరబడి స్టెరాయిడ్ తిన్న ఒళ్ళు సొంతంగా కార్టిసాల్ (ఒంట్లో సహజంగా ఉండే స్టెరాయిడ్) తయారుచేయడం తగ్గించుకుంటుంది. ఒక్కసారిగా ఆపితే బీపీ, షుగరు పడిపోయి మనిషి కూలబడొచ్చు. ఎన్నాళ్ళుగా, రోజుకెన్ని అని కనుక్కుని డాక్టరుకి చెప్పాలి. ఎలా తగ్గించాలన్నది ఆయన నిర్ణయం.

తరవాత కిడ్నీ లెక్క. కిడ్నీ రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 వచ్చిందంటే చాలామంది "కొంచెమేగా ఎక్కువ" అనేస్తారు. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ సూత్రం వేసి చూడండి: 140 నుంచి వయసు తీసేస్తే 70, దాన్ని బరువు 50తో గుణిస్తే 3500. కింద 72 ఇంటూ 1.4, అంటే 100.8. భాగిస్తే 34.7, ఆడవాళ్ళకి 0.85తో గుణించాలి కనుక సుమారు 29.5. ఆ "కొంచెమేగా" వెనక ఉన్న అంకె ఇది: కిడ్నీలు నిమిషానికి ఎన్ని మి.లీ. రక్తం శుద్ధి చేస్తున్నాయో చెప్పే క్లియరెన్స్. కేసు షీటులో లెవోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ 750 మి.గ్రా. రోజూ అని ఉంది. ఈ అంకెకి అది 48 గంటలకోసారి ఇవ్వాల్సిన మోతాదు. పైగా అసిట్రామ్‌తో ఐఎన్‌ఆర్ పెంచుతుంది, ఇన్సులిన్ వాడేవాళ్ళలో షుగరుని అటూ ఇటూ లాగుతుంది, 60 దాటి స్టెరాయిడ్ కూడా వాడుతుంటే మడమ వెనక నరం, అంటే స్నాయువు, తెగే ప్రమాదం ఉంది. ఒక్క మందుకి నాలుగు అభ్యంతరాలు.

దీన్ని డాక్టరుకి ఎలా చేర్చాలన్నది సగం పని. రౌండ్స్‌లో పేషెంటు ముందు చెప్పకూడదు. మూడు లైన్ల నోటు రాస్తాను: అంకె, సమస్య, సూచన. "క్లియరెన్స్ 29.5. లెవో మోతాదు ఎక్కువ, అసిట్రామ్, స్టెరాయిడ్‌తో ఇబ్బంది. వేరేది వీలవుతుందా? లేకపోతే 48 గంటలకోసారి, ఐఎన్‌ఆర్ మూడో రోజున." ప్రిస్క్రిప్షన్ మీద నా చేత్తో ఏదీ దిద్దను, దిద్దే హక్కు నాకు లేదు. ఫార్మ్‌డి కోర్సు (మాలాంటి వార్డు ఫార్మసిస్టులు చదివేది) మన దేశంలో 2008లో మొదలైంది. వార్డులో మమ్మల్ని చూసి "మెడికల్ షాపు వాళ్ళా?" అని అడిగేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. నోటులో అంకె ఉంటే ఆ అనుమానం డాక్టర్ల దగ్గర తొందరగా పోతుంది.

డిశ్చార్జి రోజున అసలు గొడవ. బిల్లింగు, ఇన్సూరెన్సు అనుమతి, బయట ఆటో ఎదురుచూపులు, అన్నీ ఒకేసారి. సమ్మరీ కాగితం నా చేతికొచ్చేసరికి ఇంటివాళ్ళు చెప్పులు వేసుకుని ఉంటారు. అందుకే నేర్పేవన్నీ ముందురోజు సాయంత్రమే నేర్పేసి, ఆ రోజుకి కాగితం సరిచూడడం మాత్రమే మిగుల్చుకుంటాను.

ఆ కాగితంలో ముందు వెతికేది ఇన్సులిన్, స్టెరాయిడ్ జంటని. ఆయాసానికి ప్రెడ్నిసలోన్ 40 మి.గ్రా. ఐదు రోజులకి రాశారు. స్టెరాయిడ్ షుగరు పెంచుతుంది కనుక వార్డులో ఇన్సులిన్ కూడా పెంచారు: ఇంట్లో పొద్దున 16, రాత్రి 10 యూనిట్లు ఉన్నది 22, 14 అయింది. మూడో రోజున డిశ్చార్జి. సమ్మరీలో ప్రెడ్నిసలోన్ "ఇంకా 2 రోజులు", ఇన్సులిన్ మాత్రం "22-0-14, కొనసాగించాలి". కంప్యూటరులో నిన్నటి లైను కాపీ అయిందన్నమాట. స్టెరాయిడ్ ఆగాక కూడా అదే ఇన్సులిన్ పడితే షుగరు తెల్లవారుజామున పడిపోతుంది, అదీ ఒంటరిగా పడుకునే మనిషికి. డాక్టరు చేత తేదీ వేయించాలి: ఫలానా తేదీ నుంచి మళ్ళీ 16, 10, ఆ వారం పొద్దునా రాత్రీ గ్లూకోమీటరు. "స్టెరాయిడ్ ఆగాక తగ్గించండి" అని రాస్తే చాలదు. ఏది స్టెరాయిడో ఆవిడకి తెలియదు.

ఇక సిరంజి. మన దగ్గర ఇన్సులిన్ సీసాలో మి.లీ.కి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్ను కాట్రిడ్జిలో మి.లీ.కి 100 యూనిట్లు, ఆ గాఢతకి సరిపోయే సిరంజి నారింజ మూతది. వార్డులో పెన్ను వాడి, మిగిలిన కాట్రిడ్జిని ఇంటికిచ్చి పంపారనుకోండి. ఇంట్లో పెన్ను లేదు, ఎర్ర మూత సిరంజి ఉంది. దానితో కాట్రిడ్జిలోంచి 16 గీత దాకా లాగితే వచ్చేది 0.4 మి.లీ., అంటే 40 యూనిట్లు, రెండున్నర రెట్లు. అటుదిటు చేసి, సీసాలోంచి నారింజ మూత సిరంజితో 16 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 6.4 యూనిట్లే. గీత సరిగ్గానే చూశారు, సీసా వేరు. అందుకని నేను అంకె ఒక్కటే చెప్పను. ఆవిడ సిరంజి, ఆవిడ సీసా చేతికిచ్చి నా ఎదుటే లాగమంటాను. 30/70 తెల్లగా పాలలా ఉంటుంది, అడుగున పేరుకుంటుంది. అరచేతుల మధ్య పదిసార్లు దొర్లించి, పదిసార్లు తలకిందులు చేయాలి. గిలక్కొట్టకూడదు, బుడగలొస్తాయి. ఫ్రిజ్‌లో పెడితే కింది అరలో, ఫ్రీజరు దగ్గర కాదు. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు. పొద్దున సూది "ఏడున్నరకి" అని రాయడం నాకు నచ్చదు. పొలం పనుల ఇళ్ళలో తిండి తొమ్మిదికి. తినడానికి అరగంట ముందు అని చెప్పాలి. చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి తాగి, పావుగంటకి మళ్ళీ చూసుకోవాలి.

రోటాక్యాప్స్ మింగేసేవాళ్ళు మీరనుకున్న దానికన్నా ఎక్కువ. బిళ్ళలా ఉంటే నోట్లో వేసుకోక ఏం చేస్తారు? వాటిని పీల్చే పరికరం రోటాహేలర్. దాని పైన ఉన్న చదరపు రంధ్రంలో గొట్టం మందుని (క్యాప్స్యూల్‌ని), పారదర్శకంగా ఉన్న వైపు కిందికి వచ్చేలా పెట్టి, అంచుకి సమంగా నొక్కి, అడుగుభాగం పూర్తిగా తిప్పితే గొట్టం విడిపోతుంది. ముందు ఊపిరి బయటికి వదిలేయాలి, అయితే పరికరంలోకి కాదు. తేమ తగిలితే పొడి అంటుకుపోతుంది. పెదాలు బిగించి గట్టిగా, వేగంగా లాగి, పది లెక్కపెట్టేదాకా బిగబట్టాలి. విప్పి చూస్తే పొడి మిగిలి ఉంటే ఇంకోసారి లాగాలి. లాగే బలం లేని పెద్దవాళ్ళకి ఎంత నేర్పినా లాభం లేదు. వాళ్ళకి స్పేసరుతో (ఇన్హేలర్‌కి తగిలించే గొట్టం లాంటి డబ్బాతో) పంపు ఇన్హేలర్ అడుగుతాను. అక్కడ మళ్ళీ నెమ్మదిగా లాగాలి, ఈ తేడా చెప్పకపోతే రెండూ పాడవుతాయి. స్టెరాయిడ్ ఉన్నదైతే పీల్చాక నోరు పుక్కిలించి ఉమ్మేయాలి.

అసిట్రామ్ రోజూ సాయంత్రం ఒకే వేళకి. పొద్దున ఐఎన్‌ఆర్ రిపోర్టు వస్తే ఆ రోజే మోతాదు మార్చే వీలుంటుంది. గుండె లయ తప్పినవాళ్ళకి లక్ష్యం మామూలుగా 2 నుంచి 3. మర్చిపోతే అదే రోజు గుర్తొస్తే వేసుకోవాలి, మర్నాడు రెండు కలిపి కాదు. "ఆకుకూరలు మానెయ్యండి" అని చెప్పి పంపేవాళ్ళంటే నాకు చిరాకు. మానక్కర్లేదు. తోటకూర, పాలకూర, మునగాకు వారంలో ఎప్పుడూ తినేంతే తినాలి. నెలంతా మాని పండక్కి ఒక్కసారి తింటేనూ, ఉన్నట్టుండి పూర్తిగా మానేస్తేనూ ఐఎన్‌ఆర్ కదులుతుంది. మల విసర్జన తారులా నల్లగా అయినా, తలకి దెబ్బ తగిలినా, నొప్పి లేకపోయినా సరే, ఆసుపత్రికి రావాలి. ఏ యాంటీబయాటిక్ రాసినా అసిట్రామ్ సంగతి చెప్పి, మూడు నుంచి ఐదు రోజుల్లో ఐఎన్‌ఆర్ చేయించాలి.

ఇంత చెప్పాక "అర్థమైందా?" అని అడిగితే అందరూ తలూపుతారు. నేను ఇలా అడుగుతాను: "పెద్దమ్మా, ఇంటికెళ్ళాక కోడలికి ఈ సూది సంగతి ఎలా చెప్తావో నాకు చెప్పు." ఎక్కడ తడబడితే అక్కడే మళ్ళీ చెబుతాను, మొత్తం కాదు. ఒక పూటకి మూడు విషయాలు మించి తలకెక్కవు, మిగతావి ఫోనుకి వదిలేస్తాను. దద్దుర్లు, వాపులాంటివి మందు వల్లేనని అనుమానమొస్తే 1800-180-3024కి ఉచితంగా చెప్పొచ్చని కాగితం అడుగున రాసిస్తాను, అది దేశవ్యాప్త మందుల దుష్ప్రభావాల నమోదు కార్యక్రమం నంబరు.

ఇంటికెళ్ళిన మూడో రోజున ఫోను చేస్తాను. "బాగున్నారా?" అని మొదలుపెడితే "బాగానే ఉన్నానమ్మా" అని కథ అక్కడే అయిపోతుంది. షీటు చేతిలో పట్టుకోమంటాను. పది అసిట్రామ్ బిళ్ళలు ఇస్తే ఇవాళ ఏడు మిగలాలి, తొమ్మిది ఉన్నాయంటే రెండు రోజులు మానేసినట్టు. ప్రెడ్నిసలోన్ అయిపోయి ఉండాలి, ఇంకా ఉన్నాయంటే ఎందుకో అడగాలి. నిన్న రాత్రి సూది ఎన్ని యూనిట్లు? చివరిగా, సిరంజి మూత ఏ రంగని అడుగుతాను. "ఎరుపే, సీసాలోంచే లాగాను" అంటే తరవాతి నంబరు కలుపుతాను.