ఫ్రిస్కో మైదానంలో కనిపించే రేంజర్స్ భవిష్యత్తు

డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ప్లేనో, ఇర్వింగ్‌లలో ఉద్యోగం చేసే తెలుగువాళ్లకు ఏప్రిల్ వస్తే ఆఫీసు లంచ్‌లో బేస్‌బాల్ జట్టు టెక్సస్ రేంజర్స్ కబుర్లు తప్పవు. ఊరికే తలూపుతూ కూర్చోనక్కర్లేదు. క్రికెట్ అంకెలతో పెరిగినవాళ్లకు ఈ ఆట లెక్కలు తొందరగానే పట్టుబడతాయి.

జట్టు ఇవాళ్టి బలం తెలియాలంటే గెలుపోటముల కన్నా ముందు చేసిన పరుగులు, ఇచ్చిన పరుగులు చూడాలి. చేసిన పరుగుల వర్గాన్ని, ఆ రెండింటి వర్గాల మొత్తంతో భాగించి, సీజన్‌లోని మ్యాచ్‌ల సంఖ్య 162తో గుణిస్తే, సీజన్‌లో ఆ జట్టు గెలవాల్సిన మ్యాచ్‌లెన్నో వస్తుంది. 2023లో రేంజర్స్ 881 చేసి 716 ఇచ్చారు. లెక్క 97 దాటింది. గెలిచినవి 90. లోటు ఎక్కువగా బుల్‌పెన్‌లో, అంటే చివరి ఇన్నింగ్స్‌లు వేసే పిచర్లలో (మన బౌలర్ల లాంటివాళ్లు) ఉంది. వాళ్లు 30 ఆధిక్యాలు నిలబెట్టి 33 చేజార్చారు. అయినా ఆ అక్టోబరులో అరిజోనాను 4-1తో ఓడించి ఫైనల్ లాంటి వరల్డ్ సిరీస్ ఎగరేసుకుపోయారు. ప్లేఆఫ్స్‌లో మధ్యమధ్య విరామ రోజులుంటాయి కాబట్టి, నమ్మకమైన ఇద్దరు ముగ్గురితోనే చివరి ఓవర్లు, అదే ఇన్నింగ్స్‌లు, నెట్టుకురావచ్చు. ఆరు నెలల సీజన్‌లో అది కుదరదు.

మరుసటి ఏడాది మేనేజర్ బ్రూస్ బోచీయే, బ్యాటర్లూ చాలావరకు వాళ్లే. పరుగులు మాత్రం 683కి పడిపోయాయి, గెలుపులు 78. జాష్ యంగ్ మణికట్టు సీజన్ మొదట్లోనే విరిగింది. గార్సియా, సెమియన్, హైమ్ ముగ్గురి బ్యాటూ ఒకేసారి నెమ్మదించింది. బ్యాటర్లు సాధారణంగా 26-28 ఏళ్ల మధ్య శిఖరం మీద ఉంటారు. అందుకే ఒప్పందం మొత్తం ఎంతన్నదాని కన్నా, అది ముగిసేనాటికి ఆటగాడి వయసెంతన్నది ముఖ్యం. కోరీ సీగర్ 27 ఏళ్లప్పుడు పదేళ్లకు 32.5 కోట్ల డాలర్లకు సంతకం చేశాడు. సెమియన్ 31 ఏళ్లప్పుడు ఏడేళ్లకు 17.5 కోట్లకు చేశాడు. రెండోదాంట్లో ప్రమాదం ముందే కనిపిస్తుంది.

భవిష్యత్తుకు అసలు కొలత, మంచి కుర్రాళ్లు ఇంకా ఎన్నేళ్లు జట్టు చేతిలో ఉంటారన్నది. మేజర్ లీగ్‌లో, అంటే అగ్రశ్రేణి బేస్‌బాల్‌లో, ఆరేళ్లు పూర్తయ్యేదాకా ఆటగాడు సొంతంగా వేరే జట్టు చూసుకోలేడు. హెచ్-1బి ఆరేళ్ల గడువుతో బతికేవాళ్లకు ఈ లెక్క విడమరచి చెప్పక్కర్లేదు. మొదటి మూడేళ్లు దాదాపు కనీస జీతమే, తర్వాతి మూడేళ్లు మధ్యవర్తిత్వంతో పెరిగే జీతం. ఒక సీజన్‌లో 172 రోజులు మేజర్ లీగ్ జట్టు జాబితాలో ఉంటే ఒక ఏడాది కింద లెక్క. కొన్ని క్లబ్బులు మంచి కుర్రాణ్ని ఏప్రిల్‌లో రెండు మూడు వారాలు కింది లీగుల్లోనే ఆపి ఒక ఏడాది మిగుల్చుకునేది ఇందుకే. వయాట్ లాంగ్‌ఫర్డ్‌ను రేంజర్స్ అలా ఆపలేదు, 2024 మొదటి మ్యాచ్ నుంచే ఆడించారు. దాంతో అతను 2029 దాకా వాళ్ల చేతిలో ఉంటాడు.

కింది మెట్ల సంగతి చూడాలంటే ఎక్కడికో వెళ్లక్కర్లేదు. రేంజర్స్ డబుల్-ఎ జట్టు (మేజర్ లీగ్‌కు రెండు మెట్ల కింద) రఫ్‌రైడర్స్ ఆడేది ఫ్రిస్కోలోనే. అక్కడ హోమ్‌రన్లు లెక్కపెట్టకండి. వయసు, స్ట్రైకౌట్లు (మూడు స్ట్రైక్‌లతో అవుటవడం), వాక్‌లు (నాలుగు చెడ్డ బంతులు వదిలి ఉచితంగా బేస్‌కు చేరడం) చూడండి. పాతికేళ్ల వాడు బంతులు బయటికి బాదడం కన్నా, ఇరవై ఏళ్ల వాడు చెడ్డ బంతిని వదిలేయడం పెద్ద సూచన. పిచర్ల విషయంలో ఓపిక కావాలి. జాక్ లైటర్ 2022లో ఇక్కడ తొమ్మిది ఇన్నింగ్స్‌లకు సగటున 5.54 పరుగులిచ్చాడు, 2025లో మేజర్ లీగ్‌లో 3.86కి దిగాడు. తల్లి వైపు భారతీయ మూలాలున్న కుమార్ రాకర్ భుజానికీ మోచేతికీ శస్త్రచికిత్సలు చేయించుకుని, 2024లో ఫ్రిస్కో మీదుగానే పైకెళ్లాడు. మోచేతి శస్త్రచికిత్స అయితే తిరిగి రావడానికి ఏడాది నుంచి ఏడాదిన్నర పడుతుంది. అందుకే పిచర్ ఎంత మెరుస్తున్నా అంచనాను కాస్త తగ్గించే వేసుకోవాలి.

ఆఖరి పరీక్ష జులై నెలాఖరు, అంటే జట్లు ఆటగాళ్లను ఇచ్చిపుచ్చుకునే గడువు వేళ. పరుగుల తేడా బాగుండి, ముఖ్యమైన బ్యాటర్లు ఫామ్‌లో ఉన్న ఏడాదే కుర్రాళ్లను వదులుకోవడానికి అర్థం ఉంటుంది. 2023లో రేంజర్స్ అదే చేశారు. అప్పటికి ఫ్రిస్కోలో ఆడుతున్న లూయిసాంజెల్ అకూన్యాను మెట్స్‌కు ఇచ్చి పిచర్ మాక్స్ షెర్జర్‌ను తెచ్చుకున్నారు, కార్డినల్స్ నుంచి మరో పిచర్ జోర్డన్ మాంట్‌గోమరీని తీసుకున్నారు. పరుగుల లెక్క వాళ్ల వైపే ఉంది కాబట్టి అది సరైన నిర్ణయమే.