వెయిటింగ్ లిస్టులో 14వ నంబరు: నా పీజీ సీటు అనుభవం

సీటు రాలేదంటే ఏడ్చి ఊరుకుంటాం, వచ్చిందంటే పెట్టె సర్దుకుంటాం. వెయిటింగ్ లిస్టులో పేరుంటే మాత్రం ఏం చేయాలో ఎవరూ చెప్పరు. మాది అనంతపురం. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ కోసం సీయూఈటీ పీజీ (సెంట్రల్ యూనివర్సిటీల పీజీ ప్రవేశ పరీక్ష) రాశాను, హైదరాబాద్‌లో నేను చేరాలనుకున్న సెంట్రల్ యూనివర్సిటీ ఓబీసీ వెయిటింగ్‌లో 14వ నంబరు ఇచ్చింది.

లిస్టు ఎట్లా కదులుతుందో అర్థమయ్యాకే నాకు సగం టెన్షన్ తగ్గింది, అందుకే ముందు అది చెప్తాను. సీయూఈటీ పీజీ పరీక్ష పెట్టేది ఎన్‌టీఏ (నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ), స్కోరు ఇవ్వడంతో వాళ్ల పని అయిపోతుంది. ఐఐటీ, ఎన్‌ఐటీల ఇంజనీరింగ్ సీట్లకు జోసా ఉన్నట్టు ఇక్కడ అన్నిటికీ కలిపి ఒకే కౌన్సెలింగ్ ఉండదు, ఏ యూనివర్సిటీకి ఆ యూనివర్సిటీలో అప్లై చేసుకోవాలి, లిస్టు వాళ్లే వేస్తారు. అందుకని మంచి స్కోరు వచ్చినవాళ్ల పేరు ఒకేసారి మూడు నాలుగు చోట్ల మొదటి లిస్టులో కనబడుతుంది. వాళ్లలో కొందరికి జామ్ అనే వేరే ప్రవేశ పరీక్ష ద్వారా ఐఐటీలో సీటు వస్తుంది, కొందరు సొంతూరికి దగ్గరని వేరే చోట చేరతారు, గడువులోపు ఫీజు కట్టకపోతే ఆ సీటు కింది నంబరుకు వస్తుంది. అదీ ఏ కేటగిరీ క్యూ దానిదే. మొత్తం ఎన్ని సీట్లు మిగిలాయని లెక్కలేసుకుంటే బుర్ర వేడెక్కడమే తప్ప లాభం లేదు.

ఇంట్లో వాళ్లు నన్ను ఒక్క మాట అనలేదు. బయటవాళ్లతోనే కష్టం. పాలకు పోయినా, అంగడికి పోయినా "ఏం పాపా, సీటు రాలేదంట?" అని అడిగేవాళ్లు. వెయిటింగ్‌లో ఉందంటే ఫెయిలైందన్నట్టే చూస్తారు. అది చాలా అన్యాయం అనిపించేది నాకు, ఇప్పటికీ అనిపిస్తుంది, వేలమంది రాసిన పరీక్షలో అంచు దాకా వచ్చిన పిల్లల్ని అట్లా చూడకూడదు. రాత్రి నిద్ర పట్టక ఫోన్‌లో ఆ వెబ్‌సైటే తిప్పి తిప్పి చూసేదాన్ని. చివరికి తమ్ముడికి అప్పగించాను: రోజూ సాయంత్రం ఒకసారి వాడు సైటూ మెయిలూ (స్పామ్‌తో సహా) చూడాలి, ఏమైనా ఉంటేనే నాకు చెప్పాలి, లేకపోతే ఆ ఊసే ఎత్తకూడదు. వాడు మాట తప్పలేదు.

ఈలోపు రెండు పనులు చేశాను. ఒకటి, ఓబీసీ సర్టిఫికెట్. మన రాష్ట్రంలో ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ పత్రం సెంట్రల్ యూనివర్సిటీలకు సరిపోదు, కేంద్రం ఫార్మాట్‌లో నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ (ఓబీసీల్లో బాగా ఉన్న కుటుంబాల కిందికి రామని చెప్పేది) కావాలి, అదీ ఆ ఏడాది ఏప్రిల్ 1 తర్వాత ఇచ్చినదై ఉండాలి. గ్రామ/వార్డు సచివాలయంలో అప్లై చేస్తే వీఆర్వో విచారణ అయి తహసీల్దారు సంతకం పడేసరికి టైమ్ పడుతుంది, లిస్టులో పేరొచ్చాక మొదలుపెడితే అందదు. రెండోది, ఊళ్లోనే ఒక ప్రైవేటు కాలేజీలో పీజీ సీటు తీసుకోవడం. అక్కడ చేరే రోజు క్లర్కు నా కవరు మొత్తం తీసుకుని "కోర్సు అయ్యేదాకా ఒరిజినల్స్ మా దగ్గరే ఉంటాయమ్మా" అన్నాడు. 2018 అక్టోబరులో యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) ఇచ్చిన నోటిఫికేషన్ ప్రింటు తీసుకునే పోయాను నేను. కాలేజీలు ఒరిజినల్స్ చూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలి, ఉంచుకోకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ పేరా కింద స్కేలు పెట్టి గీత గీసి ఉంచాను. ఆయన అది పట్టుకుని లోపలికి పోయాడు, నాన్న, నేను చాలాసేపు బెంచీ మీద కూర్చున్నాం, చివరికి మెమోలు, ప్రొవిజనల్ చేతికిచ్చి టీసీ మాత్రం ఉంచుకున్నారు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. వేరే రాష్ట్రంలోని ఒక యూనివర్సిటీ మొదటి లిస్టులోనే నా పేరు వచ్చింది. హాస్టల్ గ్యారంటీ లేదన్నారు, అంత దూరం వద్దని ఇంట్లో తేలిపోయింది. "ఫీజు కట్టకుంటే అదే పోతుంది, నువ్వేమీ చేయక్కర్లేదు" అంది నా ఫ్రెండు. నాకు మనసొప్పలేదు. అక్కడ కూడా 14వ నంబరుతో ఎవరో నాలాగే కూర్చుని ఉంటారు కదా. పోర్టల్‌లో విత్‌డ్రా ఆప్షన్ ఉంటే ఆ సాయంత్రమే నొక్కేశాను. చేరేది లేదని తేలిపోయిన సీటును గడువు దాకా పట్టుకుని కూర్చోకండి, దయచేసి.

రెండో లిస్టుకు నా నంబరు 9 అయింది. తర్వాత చాలా రోజులు ఏ కదలికా లేదు, ఆషాఢం గాలికి కిటికీ రెక్కలు కొట్టుకునే చప్పుడు తప్ప ఇంట్లో మాటలే తగ్గిపోయాయి. ఇక్కడ క్లాసులు కూడా మొదలయ్యాయి, నేను శ్రద్ధగానే పోయాను, ఆర్గానిక్ చెప్పే మేడమ్ బాగా చెప్పేవారు, ఇక్కడే చదివినా బాగానే చదువుకుంటానన్న ధైర్యం ఆమె వల్లే వచ్చింది. ఆ తర్వాత ఒకరోజు తమ్ముడు మిద్దె మెట్లు రెండేసి ఎక్కుతూ వచ్చాడు. మూడో లిస్టులో నాకు సీటు వచ్చింది. ఫీజుకు మర్నాటి సాయంత్రం దాకానే టైమ్. సర్టిఫికెట్లన్నీ చేతిలో ఉన్నాయి కాబట్టి ఆ రాత్రే అప్‌లోడ్ చేసి కట్టేశాం.

టీసీ కోసం కాలేజీకి రాతపూర్వకంగా దరఖాస్తు పెట్టి, రసీదు నకలు తీసుకున్నాం. అదే 2018 నోటిఫికేషన్ ప్రకారం, అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులు ముందే మానుకుంటే ఫీజు మొత్తం (5 శాతానికి, 5,000 రూపాయలకు మించకుండా ఖర్చుల కింద కోయవచ్చు), ఆ తర్వాత చివరి తేదీ లోపయితే 90 శాతం, దాటిన 15 రోజుల్లో అయితే 80, నెలలోపు 50, అదీ దాటితే ఏమీ రాదు. యూజీసీ ఒక్కో ఏడు వేరే తేదీలు కూడా ఇస్తుంది, 2024-25కి సెప్టెంబరు 30 లోపు మానుకుంటే పూర్తి ఫీజు వెనక్కివ్వాలని చెప్పింది, కాబట్టి మీ సంవత్సరానిది చూసుకోండి. నేను మానుకున్నది చివరి తేదీ దాటిన 15 రోజుల్లో, కాబట్టి నాకు 80 శాతం రావాలి. టీసీ వారంలో ఇచ్చారు. డబ్బులకు నాన్న పదే పదే తిరగాల్సి వచ్చింది గానీ ఆ 80 శాతమూ వచ్చాయి, వాటితోనే హాస్టల్ మెస్ డిపాజిట్ కట్టాం.